శుక్రవారం పొంగే ట్యాంకు

ఒక ఇనుప చువ్వ చివర తడిసిన గుడ్డముక్కను పైకెత్తి, పనివాళ్ల పది ఖోలీల ఆడా మగా చూస్తుండగా "ఇది ఎవరిది?" అని అడిగాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే. ట్యాంకు ఎందుకు పొంగుతుందో అప్పటికి నాకు తెలియదు. తెలియదని ఒప్పుకుని ఉంటే ఈ నాలుగు ముక్కలు రాయాల్సిన పని ఉండేది కాదు.

ముప్పై ఏళ్లకు పైగా ముంబై పక్కన భివండీలో ఒకే సేఠ్ దగ్గర మెయింటెనెన్స్ మిస్త్రీగా పనిచేశాను. నీళ్లు, ఆవిరి, మురుగు, ఈ మూడింటిలో ఏది ఎక్కడ కారినా నన్నే పిలిచేవారు. పనిలోంచి దిగిపోయి రెండేళ్లవుతోంది. ఇప్పుడు ఇక్కడి తెలుగువాళ్ల పేట పద్మనగర్‌లో మా గల్లీ చివర చాయ్ దుకాణం దగ్గర కూర్చుంటే, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు పైపుల గురించి ఏదో ఒకటి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పినవన్నీ నేను గెలిచిన కథలే. ఇది మాత్రం ఇంతవరకు చెప్పలేదు.

కరోనాకు మూడు నాలుగేళ్ల ముందు, పనులు ఊపందుకున్న రోజులు. మా సేఠ్ కూడా మనవాడే, కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన నేతింటి బిడ్డ. పద్మనగర్‌లో చోటు చాలక, ఊరికి దూరంగా వాడా రోడ్డు లోపలికి వరిపొలాల పక్కన జాగా కొని షెడ్డు వేశాడు. ఒకవైపు సైజింగ్ మిషను, ఇంకోవైపు మగ్గాలు. వెనక పనివాళ్లకు పది ఖోలీలు, అంటే ఒంటిగది ఇళ్లు. వాటి చివర అందరికీ కలిపి నాలుగు సండాసులు, అంటే పాయిఖానాలు, వాటి వెనక సెప్టిక్ ట్యాంకు, అది దాటాక నీళ్లు భూమిలోకి ఇంకే గుంత.

ఆ చోటు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది వాసన. నేతకు ముందు పడుగు నూలును వేడి గంజిలో ముంచి ఆరబెట్టడమే సైజింగ్. గంజి పట్టని పోగు మగ్గం మీద నిలవదు. పొద్దున మిషను మొదలైతే ఉడికిన గంజి వాసన పొలాల దాకా పోయేది. ఇంటి వంటిల్లు గుర్తొచ్చేది నాకు. మా భివండీలో మగ్గాలకు సెలవు శుక్రవారం. గురువారం సాయంత్రం మగ్గాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగుతుంటే, చివరి మగ్గం ఆగిన క్షణంలో చెవులు గుయ్యిమనేవి. ఆ తర్వాత పొలంలో కప్పల అరుపు వినిపించేది. అప్పటిదాకా అవి అరవలేదా అంటే, అరిచాయి. మనకే వినపడలేదు.

షెడ్డు పెట్టిన కొత్తలో మిషను కడిగిన నీళ్లు చిన్న కాలువలో పడి పక్క పొలంలోకి పోయేవి. కొన్నాళ్లకు ఆ పొలం రైతు వచ్చి, పులిసిన కంపుకు కూలోళ్లు నాట్లకు రావడం లేదని గొడవ పెట్టుకున్నాడు. సేఠ్ నన్ను పిలిచి "ఏదన్న జేయి మిస్త్రీ, రేపటికి ఆ కాలువ కనపడొద్దు" అన్నాడు. ఒక్క రోజులో కాలువ పూడ్చి, పైపు వేసి, ఆ నీళ్లను తీసుకుపోయి సెప్టిక్ ట్యాంకులో కలిపాను. సేఠ్ నా భుజం తట్టాడు. నాకూ గర్వంగానే ఉండింది.

అది తప్పని ఎందుకు తోచలేదో ఇప్పుడు ఆలోచిస్తే మా అమ్మ గుర్తొస్తుంది. ఊళ్లో వీధి పొడుగునా పడుగు చాపి, కుంచెతో గంజి పట్టించేది. మిగిలిన గంజిని ఒక్క చుక్క పారబోయనిచ్చేది కాదు. బర్రె కుడితిలో పోసేది, పిల్లలకు ఆకలైతే ఇంత ఉప్పు వేసి మాకే పోసేది. మా ఇళ్లలో గంజిని ఎవరూ మురుగు అనరు. ఇంకెవరైనా అయితే ఆ పైపు వేసే ముందు ఒకసారి ఆగి ఉండేవాడేమో. నేతింట్లో పుట్టినవాడిని కాబట్టే నేను ఆగలేదు.

రెండేళ్లు ఏమీ కాలేదు. మూడో వానాకాలం ముగిసే వేళకు ట్యాంకు పొంగడం మొదలైంది. శుక్రవారం పొద్దున లేచేసరికి సండాసులు నిండి, నీళ్లు ఖోలీల గుమ్మాల దాకా వచ్చేవి. టాంకర్ పిలిచి తోడించేవాళ్లం. మళ్లీ శుక్రవారం అదే తంతు. నా లెక్క నాకుంది. శుక్రవారం సెలవు, పది ఖోలీల జనం ఇంట్లోనే ఉంటారు, తలంట్లు, బట్టల ఉతుకుళ్లు, వాడకం ఎక్కువ. ఎక్కడో ఏదో అడ్డం పడి ఉంటుంది. నాలుగో శుక్రవారం సేఠ్ స్వయంగా వచ్చి నిలబడ్డాడు. ఊరివాళ్లు పంచాయతీకి పోతామంటున్నారట.

చువ్వ పట్టుకుని సండాసుల పక్కనున్న చాంబర్ మూత తీశాను. కదిలిస్తే గుడ్డ తగిలింది. ఆకుపచ్చ గళ్ల గుడ్డ. పైకెత్తి అడిగాను.

వరుసలో వెనక నుంచి ఎవరో "గది బొంత గుడ్డ లెక్కున్నది" అన్నారు. అందరూ మూడో ఖోలీ ముందు తీగమీద ఆరేసిన బొంత వైపు చూశారు. అందులో అవే గళ్లు.

ఆ ఖోలీలో ఉండే ఆమె మగ్గాలకు కండెలు చుట్టేది. కటింగుల్లో మిగిలిన చిందీ ముక్కలు ఏరి తెచ్చుకుని బొంతలు కుట్టేది. ఆమె భర్త సైజింగ్ మిషను మీద పని. గంజి చిక్కదనాన్ని రెండు వేళ్ల మధ్య చూసి చెప్పగల పనివాడు, మాట తక్కువ మనిషి. ఆమె ముందుకొచ్చింది.

"నాదే అన్నా. ఖోలీ తుడిచే పేలిక. కడుగుతుంటె జారి పోయింది. గా ఒక్క పేలికకు గింత పెద్ద ట్యాంకు నిండుతదా?"

"పేలికలే గదమ్మా పైపులకు అడ్డం పడేది."

"అడ్డం పడితె రోజూ పొంగాలె గద. శుక్రవారమే ఎందుకు పొంగుతది?"

"శుక్రవారం అందరు ఇంట్లనే ఉంటరు. నీళ్లు ఎక్కువ పోస్తరు."

"పోయిన శుక్రవారం ఆరు ఖోలీలోళ్లు పెండ్లికి పోయిన్రు. తాళాలు ఏసున్నయ్. గప్పుడు గూడ పొంగింది." ఆమె సేఠ్‌ను చూడలేదు, నన్నే చూస్తోంది. "బేస్తవారం సాయంత్రం మిషన్ కడుగుతరు. గా గంజి నీళ్లు యాడికి పోతున్నయో జర చూసినవా అన్నా?"

ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తుంది, ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ముప్పై ఏళ్ల మిస్త్రీకి కనపడనిది, గడప ముందు నీళ్లు ఎత్తిపోసుకునే మనిషికి కనపడింది. కానీ ఆ పైపు నాది. వేసిన రోజు సేఠ్ నా భుజం తట్టాడు. ఆ సేఠ్ పక్కనే ఉన్నాడు. నేను నవ్వాను.

"గంజంటె అన్నం నీళ్లే గదమ్మా. అన్నం నీళ్లకు ట్యాంకు పొంగుతదా? నేతోళ్ల ఇంట్ల పుట్టి గంజికి వంక వెడుతున్నవా?"

అందరూ నవ్వారు. ఆమె భర్త మాత్రం గోడకు ఆనుకుని నిలబడి నావైపు చూశాడు. ప్రతి గురువారం ఆ మిషను కడిగేది అతనే.

"ఎవరి వల్ల అయితుందో చెప్పు మిస్త్రీ" అన్నాడు సేఠ్.

"గుడ్డ దొరికింది గద సేఠ్" అన్నాను. ఆమె పేరెత్తలేదు. పేరెత్తలేదు కదా అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

ఆదివారానికి ఖోలీ ఖాళీ చేయమన్నాడు సేఠ్. ఖోలీ పోతే పని కూడా పోయినట్టే, అంత దూరం రోజూ వచ్చి పోయే బండి లేదు. టెంపోలో గిన్నెలు, ఒక ట్రంకు, పైన బొంత కట్టారు. మలుపు తిరిగేదాకా ఆ గళ్లు కనపడుతూనే ఉన్నాయి.

ఆ వచ్చిన శుక్రవారం ట్యాంకు పొంగలేదు.

సేఠ్ షెడ్డు ముందు కుర్చీ వేయించి, నాకు చాయ్ తెప్పించాడు. "మా మిస్త్రీ ఇంజనీర్ కంటె ఎక్కువ" అని వచ్చినవాళ్లకు చెప్పాడు. నేను చాయ్ తాగాను, బాగుంది. ఆ వారం సైజింగ్ మిషను బేరింగ్ పోయి ఆగిపోయిందనీ, దాన్ని బాగుకు పంపింది నేనేననీ, ఆగిన మిషను ఎవరూ కడగలేదనీ నాకు తెలుసు. అన్నీ విడివిడిగా తెలుసు. కలిపి చూడలేదు.

బేరింగ్ వచ్చింది. కొత్త మనిషి మిషను నడిపాడు. గురువారం సాయంత్రం కడిగాడు. శుక్రవారం పొద్దున నీళ్లు మళ్లీ గుమ్మాల దాకా వచ్చాయి.

టాంకర్ నడిపే అతను నిజాంపురా నుంచి వచ్చేవాడు. మరాఠీ మనిషి, పద్మనగర్ చాయ్ దుకాణాల్లో నేర్చుకున్న తెలుగు. ఎంతోకాలంగా నాతో కలిసి పనిచేసినవాడు, నన్ను అన్నా అనే బదులు భావు అనేవాడు. ఆ రోజు పైపు దింపుతూనే మొదలుపెట్టాడు.

"ఏం భావు, మీ ట్యాంకు నాకు ససురాల్ అయిపోయింది. వారం వారం వస్తున్న. అల్లుడికి చాయ్ గూడ ఇస్తలేరు."

"ముందు తోడు, తర్వాత అలుగుదువు."

"తోడితే ఏం ఫాయిదా? మీరు ఎప్పుడు చూసినా చాంబర్ చూస్తరు, ట్యాంకు చూస్తరు. ఆ గడ్డా చూసినరా?" ఇంకుడు గుంత వైపు చెయ్యి చూపాడు. నిజమే. దాని మూత కట్టిన నాటి నుంచి ఎవరూ తీయలేదు.

ఇక్కడ పిల్లలకు ఒక మాట. ట్యాంకులోకైనా గుంతలోకైనా మనిషిని దింపకండి, ఎవరు చెప్పినా సరే. అందులోని గాలి మనిషికి పిలిచే సమయం కూడా ఇవ్వదు. మా ఇద్దరికీ మొదటి నుంచి అదే కట్టుబాటు. ఇద్దరం కలిసి మూత జరిపి, గాలి ఆడనిచ్చి, దూరంగా నిలబడి పొడుగాటి వెదురు దింపాం. గుంత గోడలను గీకి పైకి లాగితే, వెదురుకు తెల్లగా, మందంగా, జిగటగా పట్టుకుని వచ్చింది. పులిసిన గంజి వాసన.

అతను ఆ వెదురు నా ముఖం దగ్గరికి తెచ్చాడు. "భావు, ఇది మనిషి పెట్టింది కాదు. మిషను పెట్టింది."

సంగతి చాలా చిన్నది. సెప్టిక్ ట్యాంకు చేసేది మురుగుకు కాస్త తీరిక ఇవ్వడమే. బరువైనది అడుగుకు దిగుతుంది, తేలేది పైన తేలుతుంది, నడిమి నీళ్లు గుంతలోకి పోయి ఇంకుతాయి. మేము వారానికొకసారి వేడివేడి గంజి నీళ్లు ఒక్కసారిగా పోసి ఆ తీరిక లాగేసుకున్నాం. సైజింగ్ గంజిలో మైనం, నూనె కూడా ఉంటాయి. వేడి మీద నీళ్లలా పారి, చల్లారాక గుంత గోడకు పొరలు పొరలుగా పట్టింది. పోగుకు పట్టాల్సినది మట్టికి పట్టింది. ఇక నీళ్లు ఇంకేది ఎక్కడ? మిగతా రోజుల్లో కొంచెం కొంచెంగా ఎలాగో దిగేవి. గురువారం పోటుకు మాత్రం తట్టుకోలేక పొంగేవి.

టాంకర్ అతను పైపు చుట్టుకుంటూ అడిగాడు. "మరి ఆ బొంతల బాయిని ఎందుకు పంపినరు?"

నేను వెదురుకు పట్టిన జిగటను మట్టిలో రుద్దుతున్నాను. ఆ రోజు చాయ్ కోసం ఆగకుండా పోయాడు.

సేఠ్‌తో "గుంత పాతబడింది, కొత్తది తవ్వాలె" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆ తవ్వకం పేరు చెప్పి గంజి పైపును ట్యాంకు నుంచి విడదీశాను. గంజి నీళ్లు చల్లారి పేరుకోవడానికి వేరే తొట్టి కట్టించి, దాన్ని టాంకర్‌తో తోడించే ఏర్పాటు చేశాను. పైపు ఎందుకు మార్చావని ఎవరూ అడగలేదు. శుక్రవారాలు పొడిగా గడిచాయి. సేఠ్ దృష్టిలో నేను ఇంకా ఇంజనీరునే. అలాగే ఉండిపోయి, శాలువా కప్పించుకుని దిగిపోయేవాడినే.

ఒక రోజు ప్లాస్టిక్ పైపులు తేవడానికి మాన్‌కోలి గోదాముల వైపు పోయాను. లారీ పక్కన ఆమె భర్త కనిపించాడు. వీపు మీద బట్టల బేలు మోస్తున్నాడు. రెండు వేళ్లతో గంజి పదును చెప్పే మనిషి. దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"ట్యాంకు మంచిగున్నదా అన్నా?"

"మంచిగున్నది."

"గంజి పైపు తీసేసిన్రా?"

"నీకు ముందే తెలుసా?"

"కడిగేటోణ్ని నేనే గద. నీళ్లు పోసినంక ట్యాంకు మూత కాడ బుడగలొచ్చేటియి."

"మరి ఆ రోజు ఒక్క మాట చెప్పకపోతివి!"

అతను తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు. "నా పెండ్లాం చెప్పింది గదన్నా. మీరు నవ్విన్రు."

లారీవాళ్లు పిలిస్తే వెళ్లిపోయాడు. పైపులు తీసుకోకుండానే తిరిగొచ్చాను.

నేరుగా సేఠ్ దగ్గరికి పోయాను. పైపు నేనే కలిపిన సంగతి, గుంతలో తెల్లటి జిగట సంగతి, బేరింగ్ పోయిన వారం సంగతి, అన్నీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అయిందేదో అయింది. ట్యాంకు మంచిగైంది గద. గిప్పుడెందుకు తవ్వుతున్నవ్?"

"వాళ్లను మళ్ల పిలువాలె సేఠ్."

"పిలిస్తె నా ఇజ్జత్ ఏంగావాలె? పొమ్మన్నది నేను."

"పంపిచ్చింది నేను. వాళ్లు రాకపోతె నేనూ ఉండ."

ఆయన లేచి కిటికీలోంచి మగ్గాల వైపు చూశాడు. "నువ్వు పోతె గీ పైపులు ఎవడు చూస్తడు? యాడ ఏం పాతిపెట్టినవో నీకే ఎరుక" అని గొణిగాడు. తర్వాత "పిలువు. కాని నేను పోయి పిలువ" అన్నాడు. మా సేఠ్ నుంచి అంతకంటే ఎక్కువ ఆశించకూడదని నాకు తెలుసు.

మాన్‌కోలి దగ్గర రేకుల ఖోలీలో ఉంటున్నారు. ఆమె గడపలో కూర్చుని బొంత కుడుతోంది. నన్ను చూసి లేవలేదు. కుట్టు ఆపలేదు. నిలబడే చెప్పాను. తప్పు నాదన్నాను. ఖోలీ, పని రెండూ మళ్లీ మీవే అన్నాను. మన్నించమన్నాను.

"నాకెందుకు చెప్తున్నవన్నా?" అంది. "గంజిదే అని నాకు తెల్వదా? నాకు చెప్తె నాకేమొస్తది?"

"మరి?"

"నాతోనే పొంగిందని, నల్లా కాడ నేను గిన్నె వెడితె వరుసల కెళ్లి పక్కకు జరిపేటోళ్లు ఆళ్లు. పోయే ముందు రెండు దినాలు జరిపిన్రు. గా పది ఖోలీలోళ్లకు చెప్పు. గుడ్డ యాడ లేపినవో ఆడ నిలవడి చెప్పు." దారం పంటితో కొరికింది. "శుక్రవారం పొద్దుగాల. అందరుంటరు."

ఆ శుక్రవారం ఆరింటికే సండాసుల ముందు నిలబడ్డాను. ఆమె, ఆమె భర్త కొంచెం దూరంగా పొలం గట్టు మీద నిలబడ్డారు. బకెట్లు, డబ్బాలు పట్టుకుని వరుస తయారైంది. అలాంటి చోట, అలాంటి వేళ, ఉపన్యాసం వినే ఓపిక ఎవరికీ ఉండదు.

"ఒక మాట చెప్పాలె" అన్నాను.

"జల్ది చెప్పు మిస్త్రీ" అంది వరుసలో ముందున్న ముసలమ్మ. "ఆగేటట్టు లేదు."

నవ్వారు. ఈసారి నవ్వు నామీద. అది న్యాయంగానే ఉంది. చెప్పాను. ట్యాంకు పొంగింది గంజి నీళ్లతో అనీ, ఆ పైపు కలిపింది నేనే అనీ, గుడ్డపేలికకు ఏ పాపమూ తెలియదనీ, ఈమె నిజం చెప్తే నేను నవ్వి మిమ్మల్ని నవ్వించాననీ చెప్పాను. ఎవరో వెనక "గట్లనా!" అన్నారు. నవ్వినవాళ్లలో కొందరు తల దించుకున్నారు. వాళ్లను తల దించుకునేలా చేసింది కూడా నేనే.

ఆ తర్వాత పనిచేసిన నాలుగేళ్లలో, ఏ ట్యాంకు పొంగిందని పిలిచినా, మూత ముట్టుకునే ముందు అక్కడ నీళ్లు ఎత్తిపోసుకునే ఆడవాళ్లను అడిగాను, ఎప్పుడు పొంగుతుంది, ఆ ముందురోజు ఏం జరిగింది అని. పనిముట్లలో నాకు చివరగా దొరికింది అదే. నెల తిరక్కముందే వాళ్ల టెంపో మళ్లీ వచ్చింది. ట్రంకు నేనే మోశాను. కానీ వాళ్లు తిరిగొచ్చింది నిజానికి ఆ శుక్రవారం పొద్దునే.

నా మాటలయ్యాక ఆమె గట్టు దిగి వచ్చింది. ఎవరి చేతిలోదో బకెట్ తీసుకుని, ఖాళీగా ఉన్న సండాసులోకి పోయి పోసింది. ఇంకో బకెట్ పోసింది. మూడోది పోసి, తల వంచి విన్నది. నా మాట మీద నమ్మకం లేక చూస్తోందని అందరికీ తెలుస్తూనే ఉంది.

"పోతున్నయ్" అంది బయటికొచ్చి.

వరుసలో ముందున్న ముసలమ్మ తన డబ్బాను ఒక అడుగు వెనక్కి జరిపి, ముందున్న చోటు చూపించింది.

"రా బిడ్డ, పొద్దెక్కుతున్నది. నా ముంగట నిలవడు."